అర్ధరాత్రి దాటాక వచ్చే అతిథులు: తాళం ఎలా అందించాలి, తేదీ ఎలా లెక్కించాలి?

అలిపిరి బాట (తిరుపతి)

అందరికీ నమస్కారం. మా ఇంటి పై అంతస్తును రోజువారీ అద్దెకు ఇస్తున్నాము. కింది భాగంలో మేమూ, మా అత్తగారూ మామగారూ ఉంటాము. చెక్ ఇన్ సమయం మధ్యాహ్నం 1 గంట నుంచి రాత్రి 10 గంటల వరకు అని స్పష్టంగానే పెట్టాము. అయితే మా ఊరికి వచ్చేవారి ప్రయాణం చాలావరకు వారి చేతిలో ఉండదు. రైలు ఆలస్యమవుతుంది. రేణిగుంటలో దిగినవారు అక్కడి నుంచి ఇంకో పది కిలోమీటర్లు రావాలి. అంతకంటే పెద్ద చిక్కు, ముందు కొండకు వెళ్లి దర్శనం చేసుకుని ఆ తర్వాత మా ఇంటికి దిగివచ్చేవారితోనే. సర్వదర్శనం క్యూలో ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. సెల్‌ఫోన్లు లోపలికి తీసుకువెళ్లనివ్వరు కనుక కౌంటరులో అప్పగించి వెళతారు, అంటే సాయంత్రం నుంచి నేను ఎన్నిసార్లు ఫోన్ చేసినా సమాధానం రాదు. అర్ధరాత్రి తర్వాత కొన్ని గంటలపాటు ఘాట్ రోడ్డు మూసి ఉంటుంది కాబట్టి, ఆలోపు దిగలేనివారు తెల్లవారుజామున మా గేటు తడతారు. వారిని తప్పుపట్టలేను, అలాగని ఇంట్లో పెద్దవాళ్ల నిద్ర ప్రతిసారీ పాడుచేయలేను.

ఆలస్యంగా వచ్చేవారి కోసం ఎంతవరకు మెలకువగా ఉండాలి, మనిషి ఎదురుపడకుండా తాళం ఇవ్వడం మన ఊళ్లలో ఎంతవరకు సురక్షితం, ఆలస్యానికి అదనపు రుసుము అడగడం ధర్మమేనా అన్న మూడు విషయాల్లో అనుభవం ఉన్నవారి అభిప్రాయాలు కావాలి.

పడమటి గాలి (హైదరాబాద్, గచ్చిబౌలి)

తాళం సంగతికి ముందు తేదీ సంగతి తేల్చుకోవాలండీ. అర్ధరాత్రి రాకల్లో వచ్చే తగాదాలలో ఎక్కువ భాగం తాళం వల్ల కాదు, తేదీ వల్ల వస్తాయని నా గట్టి నమ్మకం. శంషాబాద్‌లో గల్ఫ్ నుంచి వచ్చే విమానాలు చాలావరకు అర్ధరాత్రికీ తెల్లవారుజాముకూ మధ్య దిగుతాయి. టికెట్ మీద 15వ తేదీ, రాత్రి 1.40 అని ఉంటుంది. ఆ ప్రయాణికుడు 15వ తేదీకే ఇల్లు బుక్ చేసుకుంటాడు. ఇమ్మిగ్రేషన్, సామాను, టాక్సీ అన్నీ ముగించుకుని మూడున్నరకు మా గేటు దగ్గరికి వస్తాడు. అతని లెక్కలో అది 15వ తేదీ. ఇల్లు ఇచ్చే మన లెక్కలో మాత్రం అది ఇంకా 14వ తేదీ రాత్రే, 15వ తేదీ చెక్ ఇన్ మధ్యాహ్నం మొదలవుతుంది. అప్పటికి ఇంట్లో వేరే కుటుంబం నిద్రపోతూ ఉండవచ్చు. చంటిబిడ్డతో, నాలుగు పెట్టెలతో నిలబడిన మనిషికి ఆ సమయంలో క్యాలెండర్ పాఠం చెప్పడం ఎవరికైనా బాధాకరమే.

కాబట్టి బుకింగ్ వచ్చిన గంటలోపే నేను అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని గంటలకు వస్తారు?" అన్నది కాదు. "ఏ విమానం, ఏ రైలు, లేక సొంత వాహనమా? ఎక్కడి నుంచి?" అని అడుగుతాను. విమానం నంబరు తెలిస్తే అది ఎప్పుడు దిగుతుందో, ఈ రోజు ఆలస్యంగా నడుస్తోందో లేదో నేనే చూసుకోగలను. రైలు నంబరు తెలిస్తే రైల్వేవారి ఎన్‌టీఈఎస్‌లో ఏ స్టేషన్ దాటిందో కనిపిస్తుంది. అతిథి చెప్పే సమయం ఎప్పుడూ అతని ఆశ మాత్రమే, రైలు నంబరు వాస్తవం. రాక అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 6 లోపు ఉంటే, ముందు రోజు రాత్రిని కూడా బుక్ చేసుకోవాలని అప్పుడే చెబుతాను. అది ఖాళీగా లేకపోతే, ఉదయం వరకు విమానాశ్రయం దగ్గర ఏదైనా గది చూసుకోమని మర్యాదగా సూచిస్తాను, లేదా రుసుము లేకుండా రద్దు చేసుకోనిస్తాను.

ఇంకొక మాట. బుకింగ్ వేదికలో చెక్ ఇన్ వ్యవధికి చివరి గంట పెట్టే వీలు ఉంటుంది. ఎయిర్‌బీఎన్‌బీలో అయితే మరుసటి రోజు తెల్లవారుజాము వరకు కూడా పెట్టుకోవచ్చు. మీరు నిజంగా నిలబడగలిగే గంటనే అక్కడ పెట్టండి. రాత్రి 10 అని రాసి, అడిగితే 2 గంటలకైనా తలుపు తీసే అలవాటు ఉంటే, ఆ 10కి విలువ ఉండదు.

లాడ్జి లెక్క (విజయవాడ)

పడమటి గాలి గారి మాటకు కారణం ఒకటి చేరుస్తాను. నేను బస్టాండు దగ్గరి లాడ్జిలో కౌంటరు పని చాలా కాలం చేశాను. మన తెలుగు ఊళ్లలో లాడ్జీలు చాలావరకు 24 గంటల పద్ధతిలో నడుస్తాయి. రాత్రి 3కి గది తీసుకుంటే మరుసటి రాత్రి 3 వరకు అది మీదే. తిరుపతి, విజయవాడ, శ్రీశైలం తిరిగే కుటుంబాలు తరతరాలుగా ఆ లెక్కకే అలవాటు పడ్డాయి. మధ్యాహ్నం చేరి ఉదయం 11కి ఖాళీ చేయాలన్న హోమ్‌స్టే లెక్క వారికి కొత్త. "మేము వచ్చిందే తెల్లవారుజామున, 11కి పొమ్మంటారేమిటి?" అని అడిగేవారిలో మోసబుద్ధి ఏమీ ఉండదు. ఆలస్యంగా వచ్చినంత మాత్రాన ఖాళీ చేసే గంట మారదన్న వాక్యం మీ మొదటి సందేశంలోనే, రాక సమయం పక్కనే ఉండాలి. నియమాల పేజీలో ఎక్కడో పదో వరుసలో ఉంటే చదవరు.

గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

నేను ఈ విషయంలో పాతకాలపు మనిషిని. ఇంటికి వచ్చినవారిని చూడకుండా, మాట కలపకుండా తాళం ఇవ్వడం నాకు నచ్చదు. అది మర్యాదకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. బుక్ చేసింది ఒకరు, వచ్చేది వేరొకరు కావడం, ఇద్దరని చెప్పి ఏడుగురు దిగడం, ఇవి రాత్రిపూట ఎక్కువగా జరుగుతాయి, ఎందుకంటే ఆ సమయంలో యజమాని నిద్రలో ఉంటాడని అందరికీ తెలుసు. పోలీసులు వచ్చి రిజిస్టరు అడిగినప్పుడు, ఆ రాత్రి ఇంట్లో ఎవరు ఉన్నారో చెప్పవలసిన బాధ్యత మనదే.

గుర్తింపు కార్డులు బయలుదేరకముందే తెప్పించుకోండి. ఆధార్ పంపేవారిని చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ పంపమనండి. అది వారికీ మేలు, అందరి పూర్తి నంబర్లు ఫోనులో పెట్టుకుని తిరగవలసిన అవసరం లేని మనకూ మేలు. పెద్దవారందరి కార్డులూ అడగాలి, బుక్ చేసినవారిది ఒక్కటీ సరిపోదు.

విదేశీ పౌరుల విషయంలో ఆలస్యపు రాక మరింత జాగ్రత్త కోరుతుంది. వారు మన ఇంట్లో దిగిన 24 గంటల్లోగా, మనం ఫారం సి అని పిలుచుకునే వివరాలను ఇమ్మిగ్రేషన్ శాఖ వెబ్‌సైటులో నమోదు చేయాలి. ఈ బాధ్యత పెద్ద హోటళ్లకే కాదు, ఒక గది అద్దెకు ఇచ్చే ఇంటికీ ఉంది. 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త వలస, విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చింది. పాత చట్టాలు పోయినా ఈ బాధ్యత పోలేదు. మన పిల్లలే అమెరికా పాస్‌పోర్టుతో పెళ్లిళ్లకు వస్తున్న రోజులివి. తెలుగు మాట్లాడుతున్నారు కదా అని వదిలేయకూడదు. రాత్రి 2కి తాళం తీసుకుని వెళ్లి మరుసటి సాయంత్రం వరకు నిద్రపోయేవారి దగ్గర పాస్‌పోర్టు, వీసా పేజీలు తీసుకోవడానికి మిగిలే సమయం చాలా తక్కువ. అందుకే వాటిని కూడా ముందే తెప్పించుకుని, మనిషిని చూశాక సరిపోల్చుకోవడం ఉత్తమం.

ఉప్పుగాలి (విశాఖపట్నం)

గోదావరి గట్టు గారూ, మీ ఆందోళన సరైనదే. కానీ మనిషిని చూడటం, మనిషి వెళ్లి తలుపు తీయడం వేర్వేరు పనులు. మాది బీచ్ రోడ్డుకు దగ్గరలో ఉన్న అపార్ట్‌మెంట్ ఫ్లాటు, మేము ఉండేది ఊరికి అవతలి చివర. రాత్రి 10 దాటాక వచ్చేవారితో నేను గుమ్మం దగ్గర వీడియో కాల్‌లో మాట్లాడతాను. కార్డులోని ముఖం, ఎదురుగా ఉన్న ముఖం, వెంట వచ్చినవారు ఎందరు అన్నది రెండు నిమిషాల్లో తెలుస్తుంది. ఆ తర్వాతే తాళం కోడ్ చెబుతాను. ఇంటి లోపల కెమెరా పెట్టి లెక్కపెట్టుకోవాలని మాత్రం ఎవరూ ఆలోచించకండి. అది తప్పు, పైగా ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ 30 నుంచి ఇంటి లోపలి కెమెరాలను పూర్తిగా నిషేధించింది. గుమ్మం బయట కెమెరా ఉంటే దాని సంగతి ప్రకటనలోనే చెప్పాలి.

తాళాల గురించి వివరంగా రాస్తాను, ఎందుకంటే అర్ధరాత్రి పాడయ్యే తాళం లేని తాళం కంటే ఎక్కువ బాధపెడుతుంది. తాళంచెవి లోపల పెట్టి అంకెలతో తెరిచే లాక్‌బాక్స్ అన్నింటికంటే చవక. మా సముద్రపు గాలికి దాని అంకెల చక్రాలు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి, కాబట్టి ఎండా వానా తగలని చోట బిగించి, అప్పుడప్పుడు నూనె వేసి, అతిథి వచ్చే రోజు సాయంత్రం ఎవరో ఒకరు తిప్పి చూడాలి. స్మార్ట్ లాక్ కొనేవారు ఇంటర్నెట్ లేకపోయినా కోడ్ పనిచేసే రకాన్నే తీసుకోండి. కరెంటు పోతే రూటర్ ఆగిపోతుంది, అప్పుడు వైఫై మీద ఆధారపడిన తాళం మీ మాట వినదు. రూటర్‌ను ఇన్వర్టర్ లైనుకు కలపడం ఇంకా మంచిది. బ్యాటరీ పూర్తిగా అయిపోతే బయటి నుంచి చిన్న బ్యాటరీనో పవర్ బ్యాంకునో తగిలించి తెరిచే ఏర్పాటు చాలా తాళాల్లో ఉంటుంది, అది ఎక్కడ ఉందో కొన్న రోజునే చూసుకోండి. ఇన్ని ఉన్నా, మామూలు తాళంచెవి ఒకటి నడచి వెళ్లేంత దూరంలో నమ్మకస్తుల దగ్గర ఉండాలి. మా విషయంలో అది వాచ్‌మన్ భార్య. రాత్రి లేపవలసి వస్తే ఆమెకు ఎంత ఇస్తామన్నది ముందే మాట్లాడుకున్నాము.

కోడ్‌ను ప్రతి బుకింగ్‌కూ మార్చాలి. దాన్ని వాట్సాప్‌లో మాత్రమే పంపకండి. డేటా అయిపోయినవారికి, రోమింగ్‌లో ఉన్నవారికి మామూలు ఎస్ఎంఎస్ అందుతుంది, వాట్సాప్ అందదు.

మంచుగడ్డి (అరకులోయ)

ఇక్కడివరకు అందరూ ఆలస్యంగా వచ్చేవారిని ఎలా చేర్చుకోవాలో చెప్పారు. మేము చేర్చుకోము. దానికి కారణం చెప్పడానికే ఇది రాస్తున్నాను.

విశాఖ నుంచి మా లోయకు రోడ్డు మీద దాదాపు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. పగలు ఎంత అందమైన దారో, రాత్రి అంత కష్టమైన దారి. మలుపుల దగ్గర ఎదురుగా వచ్చే లారీ చివరి క్షణం వరకు కనిపించదు, డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచు కమ్మితే బండి ముందరి రోడ్డే కనిపించదు, చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. హైదరాబాద్ నుంచి ఉదయం బయలుదేరి ఏకబిగిన కారు నడుపుకుంటూ వచ్చేవారు సరిగ్గా అలసిపోయే సమయానికి ఘాట్ కిందికి చేరుతారు. "ఇంకెంత, గంటన్నర" అని మ్యాప్ చూపిస్తుంది. ఆ గంటన్నరే ప్రమాదం. "ఎంత రాత్రైనా రండి, తలుపు తీస్తాము" అని మేము అంటే, ఆ దారిలో రాత్రి నడపమని మేమే ప్రోత్సహించినట్టు అవుతుంది. ఆ మాట నేను అనలేను.

మా నియమం ఇది: సాయంత్రం 5 గంటలకల్లా శృంగవరపుకోట దాటలేకపోతే ఆ రాత్రి కిందనే ఆగిపోవాలి. అలా ఆగినవారికి ఆ రాత్రి అద్దెను మరో రోజుకు మార్చుకునే వీలు ఇస్తాము, రుసుము తీసుకోము. ఇది మాకు నష్టమే, ముఖ్యంగా సంక్రాంతి సెలవుల్లో. అయినా మార్చే ఉద్దేశం లేదు. ఉదయం విశాఖలో బయలుదేరే కిరండూల్ ప్యాసింజరులో వస్తే మధ్యాహ్నం కాకముందే అరకులో దిగుతారు, ఏ తొందరా ఉండదు. సొంత కారే కావాలన్న పట్టుదల లేనివారికి మేము మొదట చెప్పేది ఆ రైలే.

ఒంటరి బాటసారి (బెంగళూరు)

నేను ఇల్లు అద్దెకు ఇచ్చేదాన్ని కాదు, ఉద్యోగరీత్యా తరచుగా ఒంటరిగా ప్రయాణించి ఇలాంటి ఇళ్లలో దిగే మనిషిని. అర్ధరాత్రి ఆటో దిగిన ఆడమనిషికి ఏమి కావాలో యజమానులకు తెలియాలని రాస్తున్నాను.

మొదటిది వెలుతురు. గేటు దగ్గర, మెట్ల దగ్గర, తలుపు మీద దీపం వెలిగి ఉండాలి. చీకట్లో ఫోను టార్చి నోట కరుచుకుని అంకెలు నొక్కడం ఎంత భయంగా ఉంటుందో పగలు తాళం బిగించినవారు ఊహించలేరు. రెండోది, మ్యాప్‌లో మీరు పెట్టిన గుర్తు సరిగ్గా గేటు మీద పడాలి. వెనుక వీధి మీద పడితే నేను ఆ వెనుక వీధిలోనే దిగుతాను. పగటిపూట తీసిన గేటు ఫోటోతో పాటు రాత్రి తీసిన ఫోటో కూడా పంపండి, రెండింటిలో ఒకే ఇల్లు ఒకేలా కనిపించదు. మూడోది, నేను ఒంటరిగా వస్తున్నానన్న సంగతి వాచ్‌మన్‌కూ, ఎదురింటివారికీ, తాళం తెచ్చే కుర్రవాడికీ చెప్పకండి. ఫలానా ఫ్లాటుకు అతిథి వస్తారు అని మాత్రమే చెబితే చాలు. ఎదురు వచ్చి తాళం ఇవ్వాలనే పట్టుదల ఉన్నవారు, వీలైతే ఇంట్లోని ఆడవారితో ఇప్పించండి. ఉప్పుగాలి గారు చెప్పిన వీడియో కాల్ నాకు అభ్యంతరం కాదు. అయితే అది రోడ్డు మీద కాకుండా, బయటి గేటు దాటి వెలుతురులోకి వచ్చాక జరగాలి.

తిండి గురించి ఎవరూ రాయలేదు. రాత్రి రెండింటికి ఏ దుకాణమూ తెరిచి ఉండదు. ఫ్రిజ్‌లో పాలు, ఒక బ్రెడ్డు, నాలుగు అరటిపళ్లు, మంచినీళ్లు ఉంచిన ఇంటిని నేను మరచిపోలేదు.

పడమటి గాలి (హైదరాబాద్, గచ్చిబౌలి)

ఒంటరి బాటసారి గారు గేటు ప్రస్తావన తెచ్చారు కనుక గేటెడ్ కమ్యూనిటీలలో ఇళ్లు ఉన్నవారికి ఒక హెచ్చరిక. మీ తలుపు తాళం ఎంత గొప్పదైనా మొదటి తలుపు మీది కాదు, సెక్యూరిటీవారిది. మైగేట్ వంటి యాప్‌లో అతిథి పేరు, బండి నంబరు ముందుగా నమోదు చేసేటప్పుడు, అనుమతి అర్ధరాత్రితో ముగిసిపోకుండా మరుసటి ఉదయం వరకు ఉందో లేదో చూసుకోండి. పగటి గార్డుకు చెప్పిన మాట రాత్రి డ్యూటీకి వచ్చే గార్డుకు చేరదు, అందుకే నేను రాత్రి 9 తర్వాత మరొకసారి గేటుకు ఫోన్ చేస్తాను. అసోసియేషన్ రోజువారీ అద్దెలకు ఒప్పుకుందా లేదా అన్నది అన్నింటికంటే ముందు తేల్చుకోవలసిన విషయం. గేటు దగ్గర గొడవ అయితే నలిగిపోయేది అతిథే.

లాడ్జి లెక్క (విజయవాడ)

రుసుము ప్రశ్నకు నా జవాబు: తీసుకోవాలి. రాత్రి 11 దాటితే ఇంత అని ముందే రాసి పెట్టి తీసుకుంటే ఎవరూ బాధపడరు. మెలకువగా ఉండటం కూడా పనే, దానికి కూలి ఉండాలి.

గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

రైలు ఆలస్యమైతే ప్రయాణికుడు ఏమి చేస్తాడండీ? అప్పటికే ఐదారు గంటలు స్టేషన్లలో కూర్చుని అలసిన మనిషి చేతిలో నుంచి మరో 500 రూపాయలు తీసుకోవడం నాకు సమ్మతం కాదు. దారిలో ఆగి భోజనం చేసి, సినిమా చూసుకుని, ఫోన్ ఎత్తకుండా వచ్చేవారి సంగతి వేరు.

ఉప్పుగాలి (విశాఖపట్నం)

ఆ తేడాను రాత్రి 2 గంటలకు ఎవరు విచారిస్తారు? రైలా, సినిమానా అని అడగడమే అవమానంగా ఉంటుంది. నా పద్ధతి చెబుతాను. తమంతట తాము కోడ్‌తో తలుపు తెరుచుకునేవారి దగ్గర ఏ సమయమైనా ఏమీ తీసుకోను, ఎందుకంటే నాకు అదనపు శ్రమ లేదు. మనిషి వచ్చి తీయాల్సి వస్తే, ఆ మనిషికి ఇవ్వవలసింది నేరుగా ఆ మనిషికే అందుతుంది, ఎంత అన్నది బుకింగ్ రోజునే తెలియజేస్తాను. యజమాని జేబులోకి వెళ్లని రుసుము గురించి ఇప్పటివరకు ఏ అతిథీ నాతో వాదించలేదు.

అలిపిరి బాట (తిరుపతి)

ఇంత శ్రద్ధగా సమాధానాలు ఇచ్చినందుకు అందరికీ కృతజ్ఞతలు. మా ఇంటికి మెట్లు బయటి నుంచే ఉన్నాయి కనుక, పై తలుపుకు అంకెల తాళం బిగించి, కింది తలుపు తట్టే అవసరం లేకుండా చేయాలని నిర్ణయించుకున్నాము. బుకింగ్ వచ్చిన వెంటనే పంపడానికి ఈ సందేశం రాసుకున్నాను, లోపాలు ఉంటే చెప్పండి:

"నమస్కారం. మీ బుకింగ్ 14వ తేదీ రాత్రికి ఖరారైంది. మీరు వచ్చే రైలు లేదా బస్సు నంబరు, పెద్దవారందరి గుర్తింపు కార్డులు దయచేసి ముందుగా పంపండి. ముందు కొండకు వెళ్లి దర్శనం తర్వాత వచ్చేటట్లయితే, క్యూలోకి వెళ్లి ఫోను అప్పగించే ముందు మాకు ఒక సందేశం ఇవ్వండి, మీ డ్రైవరు నంబరు లేదా క్యూలోకి రాని మీ బంధువు నంబరు కూడా పంపండి. రాత్రి 10 తర్వాత వచ్చేవారు బయటి మెట్ల మీదుగా పైకి వెళ్లి, మేము పంపిన అంకెలతో తలుపు తెరుచుకోవచ్చు. మీరు ఎంత ఆలస్యంగా వచ్చినా ఆ రాత్రి ఇల్లు మీకే ఉంటుంది, వేరేవారికి ఇవ్వము. ఖాళీ చేసే సమయం మాత్రం 15వ తేదీ ఉదయం 11 గంటలే."

పడమటి గాలి (హైదరాబాద్, గచ్చిబౌలి)

డ్రైవరు నంబరు అడగడం చాలా మంచి ఆలోచన, విమానాలకు కూడా పనికివస్తుంది. మొదటి వాక్యం మాత్రం మార్చండి. "14వ తేదీ రాత్రి" అంటే 13 దాటి 14 మొదలయ్యే రాత్రి అనుకునేవారు ఉన్నారు, తెల్లవారుజాము 3కి దిగేవారు ముఖ్యంగా. "14వ తేదీ ఆదివారం మధ్యాహ్నం 1 నుంచి 15వ తేదీ సోమవారం ఉదయం 11 వరకు" అని వారంతో సహా రాయండి.

గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

"వేరేవారికి ఇవ్వము" అన్న వాక్యం అలాగే ఉంచండి. డబ్బు కట్టిన రాత్రిని, మనిషి రాలేదు కదా అని పన్నెండింటికి ఇంకొకరికి అమ్ముకునేవారిని నేను ఎరుగుదును. తెల్లవారి అతను వస్తే ఏమి సమాధానం చెబుతారో నాకు అర్థం కాదు. అయితే అసలే రానివారి విషయంలో, రాత్రి ఒకసారి, ఉదయం ఒకసారి బుకింగ్ వేదికలోని సందేశాల ద్వారానే వాకబు చేయండి. ఫోన్లో మాట్లాడినదానికి ఆధారం మిగలదు, డబ్బు వాపసు కోసం తర్వాత ఫిర్యాదు వస్తే ఆ సందేశాలే చూస్తారు.

అలిపిరి బాట (తిరుపతి)

రెండూ సరిచేశాను. ఉప్పుగాలి గారూ, మా మెట్లకు పైకప్పు లేదు, నవంబరు వానలు నేరుగా తలుపు మీద పడతాయి. అంకెల తాళం ఆ తడిని తట్టుకోదేమో?

ఉప్పుగాలి (విశాఖపట్నం)

తట్టుకోదు. తాళానికి పైన తలుపు చౌకట్టుకు ఒక అడుగు వెడల్పు రేకు చూరు వేయించండి, దీపం కూడా దాని కిందే బిగిస్తే రెండు పనులూ తీరతాయి. కొనేటప్పుడు బయటి తలుపులకు పనికివచ్చే, నీటి తడిని తట్టుకునే రకమేనా అని అడిగి తీసుకోండి. లోపలి గదుల తలుపులకు చేసిన రకాలు చూడటానికి అలాగే ఉంటాయి, ఒక్క వానాకాలం కూడా నిలవవు.